ప్యాలెస్ రోడ్డు గ్యాలరీలో కలిసిన పెద్దావిడకు కృతజ్ఞతలు

అమ్మా, మీ పేరు మాకు తెలియదు. పోయిన ఆదివారం బెంగళూరు మాణిక్యవేలు మాన్షన్‌లో, అదే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో, ఒక పెద్ద నైరూప్య (గుర్తుపట్టే బొమ్మలేవీ లేని) తైలవర్ణ చిత్రం ముందు మా తెలుగు మాటలు విని ఆగారు. "ఎదురుగా కాదమ్మా, ఇలా పక్కకి వచ్చి చూడండి" అన్నారు.

పక్కనుంచి చూస్తే రంగు గట్లుగట్లుగా లేచి ఉంది. రంగు పూసే కత్తితో లాగిన చోట అంచున పేరుకున్న ఎరుపు, గీరుకుపోయిన చోట కింది పొరలోంచి తొంగిచూసే పసుపు. మందంగా పూసిన చోట పాల మీద మీగడలా ముడతలు. నూనె రంగు ఆవిరై ఆరదనీ, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుందనీ, అందుకే పైపొర ముందు బిగుసుకుంటుందనీ చెప్పారు. ఒక ధార మాత్రం అడ్డంగా జారి ఉంది. వేసేటప్పుడు కాన్వాసును పక్కకు తిప్పి ఉంటారని మా అమ్మాయే పట్టుకుంది. మీరు చెప్పెయ్యకుండా దానిచేతే చెప్పించారు, అది నాకు మరీ నచ్చింది.

అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1940ల చివర్లో కాన్వాసును నేలమీద పరిచి రంగు చిలకరించడం, 1964లో మన దేశపు నైరూప్య చిత్రకారుడు గైతోండే న్యూయార్క్ వెళ్లడం కూడా మీ నోటే విన్నాం. అవి పుస్తకాల్లోనూ దొరుకుతాయి. పక్కన నిలబడి ఓపిగ్గా చూపించే మనిషి దొరకడం మా అదృష్టం.

ఇది మీ కంటపడితే ఒక్క కబురు పంపండి. మా అమ్మాయి నూనె రంగులు కొనుక్కుంది, మిమ్మల్ని అడగాల్సినవి చాలా ఉన్నాయట.