బాబాయికి బోస్టన్ నుంచి

పూజ్యులైన బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, మనసు కుదుటపడింది.

రోజూ నడిచి వెళ్తానంటావు, దారిలో ఏముంటుందని పోయినసారి ఫోనులో అడిగారు కదా. ఒక పాత మైదానం ఉంది. ఇప్పుడది బోస్టన్ విశ్వవిద్యాలయం వారి నికర్సన్ ఫీల్డ్. వందేళ్ళ క్రితం బ్రేవ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం. అప్పటి గ్యాలరీలో ఒక భాగం, టికెట్లు అమ్మిన భవనం ఇంకా నిలిచే ఉన్నాయి. అక్కడికి రాగానే నా అడుగులు నెమ్మదిస్తాయి. 1916 అక్టోబర్ 9న బేబ్ రూత్ అక్కడే పద్నాలుగు ఇన్నింగ్స్ బంతి వేశాడు. బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేయడం, మామూలుగా మ్యాచ్‌కు తొమ్మిదే.

రూత్ పేరు మీరు వినే ఉంటారు. 714 హోమ్ రన్‌లు కొట్టినవాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదనుకోండి. కానీ 1914లో, పందొమ్మిదేళ్ళ వయసులో, బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు ఆయన్ని తీసుకున్నది ఎడమచేతి పిచర్‌గా. పిచర్ అంటే మన బౌలర్. కాకపోతే బంతి నేలను తాకకుండా బ్యాటర్ దాకా వెళ్ళాలి, ఓవర్ అయిందని ఇంకొకరికి ఇవ్వడం ఉండదు.

ఆ రోజు వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి విజేతను తేల్చే ఫైనల్ పోటీల్లో రెండో మ్యాచ్, ఎదుట బ్రూక్లిన్ జట్టు. మొదటి ఇన్నింగ్స్‌లోనే హై మయర్స్ అనే ఆటగాడు బంతిని దూరంగా కొట్టి, చుట్టూ పరుగెత్తి ఒక పరుగు చేశాడు. అంతే. ఆ తర్వాత పదమూడు ఇన్నింగ్స్ రూత్ ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు! మూడో ఇన్నింగ్స్‌లో తాను అవుటవుతూనే సహచరుడి చేత పరుగు పూర్తి చేయించి స్కోరు సమం చేసింది కూడా ఆయనే. చివరికి 2-1తో గెలిచారు. 1918 వరల్డ్ సిరీస్‌లోనూ అదే తీరు. రెండు సిరీస్‌లూ కలిపి వరుసగా 29 ఇన్నింగ్స్‌కు పైగా పరుగు ఇవ్వని ఆ రికార్డు 1961 దాకా చెక్కుచెదరలేదు.

పిచర్‌గా ఆయన ఖాతాలో 1916లో 23 విజయాలు, 1917లో 24. ప్రత్యర్థికి ఒక్క పరుగూ దక్కని మ్యాచ్‌లు 1916లోనే తొమ్మిది. నా మటుకు నాకు, 1927లో కొట్టిన అరవై హోమ్ రన్‌ల కంటే ఈ తొమ్మిదే గొప్పవి.

మరి బంతి వేయడం ఎందుకు మానేశాడు? పిచర్ మూడు నాలుగు రోజులకొకసారి ఆడతాడు, బ్యాటర్ రోజూ ఆడవచ్చు. ఆయన కొట్టే దెబ్బ చూడడానికి జనం రోజూ వస్తారు. 1919లో 29 హోమ్ రన్‌లు కొట్టాక ఇక వెనక్కి తిరిగి చూసేవాళ్ళు లేకపోయారు. ఆ శీతాకాలంలోనే న్యూయార్క్ యాంకీస్ జట్టుకు అమ్మేశారు. అక్కడ పదిహేనేళ్ళలో బంతి వేసింది ఐదే మ్యాచ్‌లు, ఐదూ గెలిచాడు. ఆఖరిది 1933లో, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఈ బోస్టన్ జట్టు మీదే. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ తనే వేశాడు. ఇది చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆ చేయి పని మరచిపోలేదు బాబాయ్, జనమే మరచిపోయారు.

మన ఊళ్ళో ఇప్పటికీ మీ పేరెత్తితే పక్క ఊరి మీద ఆఖరి బంతికి కొట్టిన సిక్సరే చెబుతారు. అదే మ్యాచ్‌లో మీరు ఎడమచేత్తో ఏడు వికెట్లు తీశారని నాకు నాన్న చెప్పేదాకా తెలియదు. అటక మీద పెట్టెలో ఆనాటి స్కోరు పుస్తకం ఉందట. తమ్ముడి చేత ఆ పేజీ ఫొటో తీయించి పంపండి. ఆ ఏడుగురి పేర్లూ నాకు కావాలి.

మీ
కృష్ణ