లిండీ బాగ్స్‌కు ఊహల పదవులెందుకు?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో 'అలా జరిగి ఉంటే' వ్యాసం వచ్చి వారం దాటింది. అమెరికా సంగతులు తెలిసినవాళ్లెవరైనా జవాబు రాస్తారులే అని ఊరుకున్నాను. ఉత్తరాల పేజీలో రోడ్డు గుంతలు, కుక్కల బెడద తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇక నేనే రాస్తున్నాను.

మీ వ్యాసకర్త ఊహ ప్రకారం 1984 అమెరికా ఎన్నికల్లో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి వాల్టర్ మాండేల్ ఉపాధ్యక్ష పదవికి జెరాల్డిన్ ఫెరారోను కాకుండా, అక్కడి పార్లమెంటయిన కాంగ్రెస్‌లో లూసియానా రాష్ట్ర సభ్యురాలు లిండీ బాగ్స్‌ను నిలబెడతారు. దక్షిణాది రాష్ట్రాలన్నీ వచ్చి డెమోక్రాట్ల ఒళ్లో పడతాయి. అధ్యక్షుడు రీగన్ ఇంటికి పోతారు. రెండేళ్లకు మాండేల్ జబ్బుపడి తప్పుకుంటే ఆవిడ అధ్యక్షురాలవుతారు. శుభం! ఊహే కదా అంటారేమో, ఊహకైనా లెక్క కుదరాలి కదండీ. ఆ ఎన్నికల్లో రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. మాండేల్‌కు దక్కినవి సొంత రాష్ట్రం మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్, వెరసి 13 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చే, రాష్ట్రాల వారీ ఓట్లు). గెలవాలంటే 270 కావాలి. పక్కన నిలబడ్డ మనిషిని మార్చినంత మాత్రాన మిగిలిన 257 ఎక్కడి నుంచి రాలిపడతాయి? ఆ రోజుల్లో ఆవిడ పేరు కూడా వినిపించిన మాట నిజమే. అయితే ఆవిడ గట్టి కేథలిక్, గర్భస్రావానికి వ్యతిరేకి. సొంత పార్టీలోని మహిళా సంఘాలకు ఆవిడతో పడనిది అక్కడే. మీ మూడు కాలమ్‌ల వ్యాసంలో దాని ఊసే లేదు.

పోనీ లెక్కల సంగతి వదిలేద్దాం. నాకు ఒళ్లు మండింది 'పోయిన భర్త సీటులో భార్య' అన్న ఉపశీర్షిక చూసి. 1972 అక్టోబర్ 16న అలాస్కాలో ఆవిడ భర్త హేల్ బాగ్స్ ఎక్కిన చిన్న విమానం ఆంకరేజ్ నుంచి జూనో వెళ్తూ మాయమైంది. 39 రోజులు వెతికారు, విమానం ముక్క కూడా దొరకలేదు. అప్పటికాయన ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల నాయకుడు. కాబోయే స్పీకర్ ఆయనే అనుకునేవారు. ఆయన్నీ, అదే విమానంలో పోయిన అలాస్కా సభ్యుడు నిక్ బెగిచ్‌నూ ఓటర్లు ఆ నవంబర్‌లో ఆచూకీ తెలియకుండానే మళ్లీ గెలిపించారు. హేల్ సీటు ఖాళీ అయిందని 1973 జనవరిలో ప్రకటించారు, మార్చి ఉప ఎన్నికలో లిండీ 80 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. లూసియానా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన మొదటి మహిళ ఆవిడే.

సానుభూతి ఓట్లని మీవాళ్లు తేల్చేశారు. ఆ మనిషి అంతకు ముందు ఏం చేసేవారో ఒక్క ముక్క రాశారా? భర్త ఎన్నికల ప్రచారాలు నడిపిందెవరు? 1964లో అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ నల్లజాతివారికి సమాన హక్కులిచ్చిన పౌరహక్కుల చట్టం మీద మండిపడుతున్న దక్షిణాదికి ప్రచార రైలు తీసుకెళ్తే, ఆ రైల్లో ఉన్నదెవరు? 1976లో న్యూయార్క్‌లో, అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసే డెమోక్రాట్ల జాతీయ సభకు ఆవిడ అధ్యక్షత వహించారు. ఒక ప్రధాన పార్టీ జాతీయ సభకు ఆడమనిషి అధ్యక్షురాలు కావడం అమెరికాలో అదే మొదలు. 1984 నాటికి ఆవిడ నియోజకవర్గం సరిహద్దులు మార్చి నల్లజాతి ఓటర్లు ఎక్కువయ్యేలా చేశారు. నల్లజాతి జడ్జి ఒకరు పోటీకి దిగినా ఆవిడే గెలిచారు. పన్నెండేళ్ల నాటి విమానం మీది సానుభూతి అప్పటికింకా మిగిలే ఉందంటారా?

అన్నట్టు, వ్యాసం పక్కన వేసిన ఫొటో ఆవిడది కాదు. ఆవిడ కూతురు, టీవీ జర్నలిస్టు కోకీ రాబర్ట్స్‌ది. ఇంటిపేరు ఒక చోట బాగ్స్, ఒక చోట బోగ్స్, ఇంకో చోట బగ్స్. ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫులు దిద్దేవాళ్లుండేవారు. ఇప్పుడు రంగుల పేజీలు పెరిగాయి, వాళ్లు పోయారు. చందా మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది.

అసలు వదిలేసిన సంగతి చెప్తాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి నాకిది మరీ కష్టంగా తోచింది. 1974లో రుణాల విషయంలో వివక్ష తగదంటూ ఒక బిల్లు ఆవిడ ఉన్న బ్యాంకింగ్ కమిటీ ముందుకొచ్చింది. ముసాయిదాలో ఆడా మగా తేడా గురించి గానీ, పెళ్లయిందా లేదా అన్న దాని గురించి గానీ లేదు. ఆవిడ కలం తీసి ఆ మాటలు చేత్తో రాశారు, జిరాక్సులు తీయించి సభ్యులందరికీ పంచారు. మీరంతా ఎంత మంచివాళ్లో నాకు తెలుసు, ఇది పొరపాటున జారిపోయి ఉంటుంది అన్నట్టుగా తియ్యగా చెప్పారట. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? అదే సమాన రుణ అవకాశ చట్టం. అంతకు ముందు అక్కడ ఇంటి రుణం అడిగితే భార్య జీతంలో కొంత భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునేవారు. పిల్లల్ని కనే ఉద్దేశముందా అని కూడా అడిగేవారు. విడాకులైతే అప్పు తీర్చిన చరిత్రంతా మొగుడి పేరనే ఉండిపోయేది, భార్యకు క్రెడిట్ కార్డు పుట్టేది కాదు.

ఇక్కడ మన బ్యాంకులూ తక్కువేం తినలేదు. ఉద్యోగం చేసుకునే ఆడమనిషి సొంత జీతం మీద లోన్‌కొస్తే "మీవారు రాలేదామ్మా?" అన్నదే మొదటి ప్రశ్న. రూల్ ఎక్కడుందని అడిగితే మేనేజర్లు నవ్వేవారు.

మన పంచాయతీల్లో ఇది తలకిందులు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సర్పంచ్ పదవులు ఆడవాళ్లవి. కుర్చీలో కూర్చునేది భర్త, ఎంపీడీవో ఆఫీసు మీటింగుకొచ్చేది భర్త. అధికారులకు అంతా తెలుసు, టీలు తాగించి పంపిస్తారు. మరుసటి రోజు మీ జిల్లా పేజీలోనే 'సర్పంచ్ భర్త చేతుల మీదుగా సిమెంటు రోడ్డుకు శంకుస్థాపన' అని ఫొటోతో సహా వస్తుంది. సర్పంచ్ పేరు వెతికినా దొరకదు. భర్త సీటులో గెలిచిన అమెరికా ఆవిడను ఎగతాళి చేసిన పత్రికే, భార్య సీటులో కూర్చున్న మగవాడికి దండేసి మరీ అచ్చేస్తుంది!

లిండీ బాగ్స్ 1991లో కాంగ్రెస్ నుంచి విరమించుకున్నారు. 1997లో, 81 ఏళ్ల వయసులో, వాటికన్‌కు అమెరికా రాయబారిగా వెళ్లి 2001 దాకా పనిచేశారు. 2013లో పోయారు. అధ్యక్షురాలు కాకపోయినా ఆవిడకు లోటేమీ లేదు. మీ వ్యాసకర్తకు అంతగా ఊహించాలని ఉంటే, ఆ రోజు ఆ కమిటీలో ఆవిడ కలం తీయకపోయి ఉంటే ఏమయ్యేదో రాయమనండి. సమాచారం కావాలంటే ఆ రోజుల్లో లోన్ ఫారాలు నింపిన బ్యాంకు ఉద్యోగులు ఊరికొకరైనా ఉంటారు, అడగమనండి.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, తెనాలి