విదేశాంగ మంత్రి గారికి ఒక కాందిశీకుడి మనవడి విన్నపం

మాన్యులు కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి, నమస్కారాలు.

నేను చెన్నై బర్మా బజారు దగ్గర అత్తో అనే బర్మా నూడుల్స్ అమ్మే బండ్ల మధ్య పెరిగినవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్ రేవుకు కూలికి వెళ్లాడు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షల మందితో పాటు కాలినడకన బయలుదేరి, సరిహద్దున ఉన్న తమూ ఊరి మీదుగా మణిపూర్ చేరాడు. దారిలో తమ్ముడు మలేరియాతో పోయాడు. పూడ్చిపెట్టడానికైనా ఆగలేకపోయానని చివరిదాకా కుమిలిపోయాడు. యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లి, 1964లో అంతా వదులుకుని మద్రాసు ఓడ ఎక్కాడు.

2025 మార్చి 28న 7.7 తీవ్రత భూకంపంతో బర్మాలోని మాండలే, సగైంగ్ ప్రాంతాలు కంపించి మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మరునాడే మన వాయుసేన విమానం 15 టన్నుల సామగ్రితో రంగూన్‌లో దిగింది. మాండలేలో మన సైనిక వైద్యులు ఆసుపత్రి తెరిచారు. మా వీధిలో పెద్దవాళ్లు ఆ వార్త చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు.

అయితే ఆ దేశంలో 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఊళ్లు విడిచినవారు ముప్పై లక్షలు దాటారు. వారిలో సగైంగ్ ప్రాంతంవారే అందరికన్నా ఎక్కువ. వెదురు కర్రల మీద టార్పాలిన్ కప్పుకున్న గుడిసె పడిపోతే దాన్ని కూలిన ఇళ్ల లెక్కలో ఎవరు రాస్తారు? భూకంపం తర్వాత కూడా వైమానిక దాడులు ఆగలేదు. సైన్యం అదుపులో లేని పల్లెలకు రంగూన్‌లో దించిన బియ్యం చేరుతుందని నేను నమ్మలేను.

అందుకే అడుగుతున్నాను: మణిపూర్‌లోని మోరే నుంచి తమూకు సరిహద్దు దాటించి సాయం పంపండి. తమూ నుంచి కలేవా వెళ్లే రోడ్డు మన దేశం వేసిందే. స్థానిక సంఘాల చేతికి బియ్యం, మందులు, టార్పాలిన్లు నేరుగా అందించండి. మిజోరం, మణిపూర్‌లకు వచ్చి తలదాచుకున్నవారిని వెనక్కి పంపకండి. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయకపోయినా, టిబెట్‌వారికి చోటిచ్చాం. చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి శిబిరంలో శ్రీలంక తమిళులు ఏళ్లుగా ఉంటున్నారు. బర్మాలోని చిన్, సగైంగ్ ప్రాంతాల తల్లులకూ ఆ పాటి నీడ దక్కాలి.

ఆ కొండల్లో వానలు మొదలైతే దారులు బురదవుతాయి, దోమలు ముసురుతాయి. మా చిన్న తాత పోయింది ఆ కాలంలోనే. లారీలు అంతకు ముందే మోరే దాటాలి.

ఇట్లు,
ఒక బర్మా కాందిశీకుడి మనవడు,
చెన్నై