ముళబాగల్ నుంచి వచ్చిన ఆయనకు, ఆయన భార్యకు

నిన్న రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. తమ్ముడు మెడకు కాలర్‌తోనే సోఫాలో కూర్చుని నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టడం లేదు. రేపు మళ్లీ ఆఫీసు గొడవలో పడితే మీకు చెప్పాల్సిన ఈ కృతజ్ఞత మాటలు ఇలా రావు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

తెలియనివాళ్ల కోసం. మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. హిందూపురంలో డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీ వాలీబాల్ జట్టులో ఉండేవాడు. పోయిన దసరా సెలవులకు బెంగళూరులో మా ఇంటికి వచ్చినప్పుడు చూశాను, చొక్కా గుండీ పెట్టుకోలేక అద్దం ముందు అలా నిలబడిపోయాడు. కుడిచెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంటపడింది. చలిగా ఉన్న పొద్దుటిపూట బండి తాళం తిప్పాలన్నా వేళ్లు మాట వినవు. ఎండెక్కితే కాస్త నయం. అప్పటికే ఆర్నెల్లుగా దాస్తున్నాడంట.

అక్కణ్నుంచి ఎనిమిది నెలలు తిరిగాం. పేరు రాయను గానీ, ఒక పెద్ద ఆసుపత్రిలో గట్టిగా పది నిమిషాలు కూడా చూడకుండా, వాడి ముందే, "మోటార్ న్యూరాన్ జబ్బులా ఉంది, రెండు మూడేళ్లు" అన్నారు. కండరాల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. మా నాన్న బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆ రోజు నుంచి మొన్నటిదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడింది లేదు. వాడు మాత్రం రాత్రిళ్లు ఫోన్‌లో ఆ జబ్బు గురించి చదువుతూ ఉండేవాడు.

చివరికి ఒక న్యూరాలజిస్ట్ దగ్గరికి చేరాం. నరాలు, కండరాల జబ్బుల్లో మెదడును బయటి నుంచే ప్రేరేపించి చూడటం ఆయన పరిశోధన. ఆయన గురించి ఎంత రాసినా తక్కువే. మా నాన్నకు అర్థమయ్యేలా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న తీగచుట్ట, కాయిల్ అంటారు, తల మీద పెడతారు. అందులో కరెంటు ఒక్క క్షణం పారితే అయస్కాంత శక్తి పుర్రెను దాటుకుని వెళ్లి, చేతిని కదిలించే మెదడు భాగాన్ని తడుతుంది. బొటనవేలు దానంతట అదే ఎగురుతుంది. వేలి కండ మీద అంటించిన తీగలు ఆ కదలికను కొలుస్తాయి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 1985లో ఆంథనీ బార్కర్ బృందం మొదలుపెట్టిన పద్ధతి అంట. మోటార్ న్యూరాన్ జబ్బులో ఈ మెదడు భాగం అతిగా ఉద్రేకపడుతుందని సిడ్నీ వైద్యులు చూపించారు, మీ వాడికి అలా ఉందో లేదో చూద్దాం, ఇదొక్కటే తేల్చేయదు కానీ దారి చెప్తుంది అన్నారు.

కానీ మొన్న ఆ మిషన్ ఖాళీ లేదు. రోజంతా పరిశోధనలో పేరిచ్చినవాళ్లకు కేటాయించేశారు. మళ్లీ మూడు వారాల తర్వాతే అన్నారు టెక్నీషియన్. నేను తెలుగులో నాన్నతో "ఇంకో మూడు వారాలు వీడు ఎలా పడుకుంటాడు నాన్నా" అన్నాను. అంతే అన్నాను.

పక్క బెంచీలో ఒకాయన. యాభై దాటి ఉంటాయి. మెడ కాస్త ముందుకు వాలి ఉంది, పక్కన భార్య టవల్‌తో ఆయన పెదవి కొన తుడుస్తోంది. ముళబాగల్ నుంచి తెల్లవారుజాము బస్సులో వచ్చారు. నిజమైన మోటార్ న్యూరాన్ జబ్బు ఆయనది. మాట పోయింది. ఎడమచేతి చూపుడువేలొక్కటే బాగా పనిచేస్తుంది, దాంతోనే ఫోన్‌లో ఒక్కో అక్షరం కొడతారు. కొట్టి ఆవిడకు చూపించారు. ఆవిడ లేచి టెక్నీషియన్ దగ్గరికెళ్లి, "మా టైం ఆ అబ్బాయికి ఇవ్వండి, మేము రేపొస్తాం, హొసకోటలో మా ఆడబిడ్డ ఇల్లుంది" అన్నారు. డాక్టర్ గారు బయటికొచ్చి ఆయన్నే అడిగారు. ఆయన తలూపారు.

ఆ పరిశోధనలో ఉన్నందువల్ల ఆయన జబ్బు తగ్గదు. అలా తగ్గుతుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు కూడా. మూడు నెలలకోసారి వచ్చి తల అప్పగించి కూర్చుని వెళ్తారు. "రేపొచ్చేవాళ్లకు పనికొస్తుంది అంటారమ్మా" అని ఆవిడ మామూలుగా చెప్పేశారు, బియ్యం ధర చెప్పినట్టు.

టైం ఇచ్చి వెళ్లిపోలేదు వాళ్లు. తమ్ముడు కుర్చీలో కూర్చోగానే వణికిపోయాడు. కాయిల్ టప్ టప్ మంటుంది, తల దగ్గరే పెద్దగా. వాడు లేచేయబోయాడు. అప్పుడాయన సైగ చేశారు, ముందు నాకు ఒకటి కొట్టి చూపించండి అన్నట్టు. డాక్టర్ గారు ఒప్పుకున్నారు. టప్ మంది. ఆయన కుడిచేతి బొటనవేలు ఎగిరింది. తనంతట తాను కదిలించలేని వేలది. ఆయన దాన్నే చూశారు. మళ్లీ తమ్ముడి వైపు చూసి ఫోన్‌లో కొట్టారు: "సప్పుడే నాయనా. నొప్పి లేదు."

ఆ తెర ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అంచు పగిలిన ఫోన్. సప్పుడే నాయనా.

వాడు కూర్చున్నాడు. మెదడు ఉద్రేకం మామూలుగానే ఉందన్నారు. అయితే ఇంకో పరీక్ష, మెడ ముందుకు వంచి ఎంఆర్ఐ. నిన్న మధ్యాహ్నం తీశారు. మెడ వంచితే వెన్నుపాము చుట్టూ ఉండే పొర వెనక నుంచి ముందుకు జరిగి వెన్నుపామును ఎముకకేసి నొక్కుతోంది. హిరయామా జబ్బు. వయసు కుర్రాళ్లకు ఎక్కువగా వస్తుంది, కొన్నేళ్లు పెరిగి ఆగిపోతుంది. మెడ వంగకుండా కాలర్ వేసుకోవాలి. పోయిన కండ పూర్తిగా రాకపోవచ్చు. ప్రాణానికి భయం లేదు.

ప్రాణానికి భయం లేదు అన్న మాట విని నేను ఏడవలేదు. ఎందుకో రాలేదు. కాగితాలు పట్టుకుని నడవాలోకి వచ్చాను. తన టైం కోసం ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. ఏమైంది అన్నట్టు కనుబొమలెత్తారు. "మీ జబ్బు కాదంటండీ" అనేశాను. అన్నాక గుండె ఆగినంత పనైంది, ఎవరితో ఏ మాటన్నానో తెలిసి. ఆయన మొహం అంతా విచ్చుకుంది. తర్వాత ఏడుపు, భుజాలు ఎగిరిపడేంత. ఆ జబ్బులో కారణం లేకుండా ఏడుపూ నవ్వూ వచ్చేస్తాయని మాకు ముందే తెలుసు. ఆవిడ టవల్ తీస్తూ నాతో అన్నారు: "జబ్బు ఏడుపు వేరేలా ఉంటాదమ్మా. ఇది ఈయన ఏడుపే."

అప్పుడు ఏడ్చాను నేను. ఎనిమిది నెలలదీ. ఆవిడ ఆ టవల్ కొసే నాకిచ్చారు.

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. అయ్యా, అమ్మా, ఎవరైనా మీకు ఇది చదివి వినిపిస్తే, మీ రెండు పాదాలకు దండం.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ జబ్బు గురించి జపాన్‌లో కెయిజో హిరయామా 1959లోనే రాశారు. ఒక చెయ్యో కాలో మాత్రమే చిక్కిపోయే రోగుల గురించి ఇదే బెంగళూరులో, మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రిలో, డాక్టర్ గౌరీదేవి గారి బృందం 1984లో ప్రచురించింది. ఈ ఊళ్లోనే! అయినా వేరేచోట్ల మాకు మూడుసార్లు ఎంఆర్ఐ తీశారు, మూడుసార్లూ పడుకోబెట్టి, మెడ నిటారుగా. ఒకచోట తీసింది ఇంకోచోట చెల్లదు, మళ్లీ డబ్బు. అడ్మిట్ కాలేదు కాబట్టి ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వలేదు. తల కింద దిండు పెట్టి మెడ వంచి ఇంకో నాలుగు ఫొటోలు తీయడానికి ఎనిమిది నెలలు పట్టాలా? ఆ ఎనిమిది నెలల్లో వాడి చేతిలో కరిగిపోయిన కండ ఎవరిస్తారు? చెయ్యి చిక్కిన కుర్రాడు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, మెడ వంచి తీసే ఎంఆర్ఐ అవసరమా అని మీ డాక్టర్‌ని ఒక్కసారి నోరు తెరిచి అడగండి.

మా ఆయన, అమ్మ, నాన్న, అత్తయ్య, వీళ్లకు కృతజ్ఞతలు చెప్తే నన్ను తిడతారు. పిల్లల్ని చూసుకున్నారు, డబ్బులు చూసుకున్నారు.

రాయడం మర్చిపోయినవాళ్లు: మడతపెట్టిన దుప్పట్లతో వాడి మెడ కుదిరేదాకా ఓపిగ్గా సర్దిన ఎంఆర్ఐ గది అన్న. ఆరు దాటినా ఉండిపోయిన టెక్నీషియన్ అక్క. కాలర్ గెడ్డానికి కోసుకుంటోందంటే అంచుకు మెత్తటి గుడ్డ కుట్టించి, దానికి డబ్బు తీసుకోని సర్జికల్ షాపు పెద్దాయన. నా పని నెత్తినేసుకున్న మా టీం లీడర్. రాత్రి వానలో ఆసుపత్రి నుంచి మారతహళ్లి దాకా, మెడకు కాలర్ చూసి, ప్రతి గుంత దగ్గరా ఆగి ఆగి తీసుకొచ్చిన ఆటో ఆయన. పేరు అడగాలని కూడా తోచలేదు, క్షమించండి.

అన్నట్టు హొసకోట ఆడబిడ్డ గారూ, మా వల్ల ఆ రాత్రి మీకు అనుకోని చుట్టాలు. మీక్కూడా.