పోర్టు లారీలకు ముందు చార్జర్ ఇప్పించండి: కేంద్ర భారీ పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విశాఖ పోర్టుకు ట్రైలర్లు తిప్పుకునేవాణ్ణి. విద్యుత్ వాహనాలకు సాయమిచ్చే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద విద్యుత్ లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ ఇస్తామని 2025 జులైలో ప్రకటించారు. సంతోషం. దేశంలోని వాహనాల్లో డీజిల్ లారీలు 3 శాతమే అయినా, రవాణా రంగం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో (భూమిని వేడెక్కించేవి) వాటి వాటా 42 శాతమని మీ ప్రభుత్వమే చెప్పింది.

కానీ ట్రైలర్‌ను లాగే పెద్ద విద్యుత్ లారీ ధర కోటి పైమాటే. డీజిల్ బండికి రెట్టింపు మించి పెట్టుబడి. పైగా రాయితీ కావాలంటే పాత లారీని తుక్కుకిచ్చినట్టు స్క్రాప్ సర్టిఫికెట్ చూపాలి. ఒకటి రెండు బండ్లున్నవాడు తిరిగే లారీని తుక్కుకిచ్చి, లోన్ వచ్చేదాకా ఏం తిని బతకాలి?

పోర్టు గేటు దగ్గర ఒకసారి చూడండి. క్యూ పది అడుగులు కదులుతుంది, ఆగుతుంది. ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ చేయాలని డ్రైవర్ ఆపడు. డీజిల్ ఊరికే కాలిపోతుంది. విద్యుత్ మోటారుకైతే ఆగినప్పుడు ఖర్చే లేదు. ట్రిప్పులు దగ్గర, తిరిగొచ్చేది అదే యార్డుకి. బ్యాటరీ బండికి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడుంది?

హైడ్రోజన్‌తో నడిచే బస్సులు, లారీల ప్రయోగానికి ఎంచుకున్న పది మార్గాల్లో మా విశాఖపట్నం-బయ్యవరం కూడా ఉంది. మంచిదే, అయితే దేశం మొత్తానికి మంజూరైనవి 37 బండ్లు. మా వంతు వచ్చేసరికి మా పిల్లలు రిటైరవుతారు!

ముందు లారీలు ఆగే యార్డుల్లోనే భారీ చార్జర్లు పెట్టించండి. చిన్న యజమానుల లోన్లకు ప్రభుత్వ గ్యారంటీ ఇప్పించండి. కొత్త బండి చేతికొచ్చాకే పాతది తుక్కుకివ్వమనండి.

ఇట్లు,
గాజువాక లారీ యజమాని