ఆకాశవాణి మూల

మూలాపేట, నెల్లూరు
9 నవంబరు 2025, ఆదివారం పొద్దున

ఒరేయ్ గంగాళం,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. తిట్టుకుంటూనే ఉండుంటావు, క్షమించరా. అందరం బాగున్నాం. చిన్నది ఏడో తరగతి. బదిలీ ఈ ఏడు కూడా లేదు. మిగతావి తర్వాత.

అసలు సంగతి విను. ముందుగది మిద్దె మార్చాం! వానొస్తే నువ్వు ఇత్తడి గంగాళం పట్టుకుని, కారే చుక్కల చప్పుడు వింటూ ఆకాశవాణి మూల అని కూర్చునే గది. తాతల నాటి మద్రాసు మిద్దెని టేకు దూలాలతో సహా దించేశాం. దూలాలు దించేటప్పుడు అమ్మ పక్కింటికి వెళ్ళిపోయింది, చూడలేక.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నదే పెద్ద తకరారైంది. మనకి అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో గదా, ఆలోగా స్లాబు పడి ఆరిపోవాల. మేస్త్రీ భాయ్ రంజాన్ ఉపవాసాల్లో ఎండలో మిద్దె పగలగొట్టలేనన్నాడు. నిజమే గదా, గుక్కెడు నీళ్ళు తాగకుండా ఎట్టా చేస్తాడు? ఈసారి ఉగాది మార్చి 30, మర్నాడే రంజాన్. సెంట్రింగు పిల్లలేమో ఈస్టరు అయ్యాకే వస్తామన్నారు, అది ఏప్రిల్ 20. 27న అమావాస్య. జూన్‌లో గురు మూఢమి, దాని వెనకే ఆషాఢం. అమ్మ పంచాంగం ముందరేసుకుని వేలు పెట్టి చూపించింది: ఏప్రిల్ 30, అక్షయ తదియ. అందరికీ కుదిరిన రోజు అదొక్కటేరా!

తెల్లారుజామున నాలుగింటికే మొదలుపెట్టి ఎండెక్కకముందే స్లాబు పోసేశారు. ఆ తర్వాత కత్తిరి ఎండలు. మడులు కట్టి పొద్దున నిలబెట్టిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండేవి కాదు. వేరే చోట పనున్నా భాయ్ రోజూ సాయంత్రం వచ్చి, మిద్దెక్కి, తడి గోనెసంచి ఎత్తి అరచెయ్యి ఆనించి చూసేవాడు. పద్నాలుగు రోజులూ.

నేను చెప్పాలనుకుంది ఇది కాదు. రొట్టెల పండగ.

పోయినేడు అమ్మ స్వర్ణాల చెరువులో గృహ రొట్టె పట్టుకుందిరా, ఇల్లు కారకూడదని. కోరిక తీరింది గనక ఈ జులైలో అదే కోరిక ఉన్నవాళ్ళకి రొట్టె వదలాల. ఎవరికి? భాయ్‌కే అని పట్టుబట్టింది. వాళ్ళది అద్దె రేకుల ఇల్లు. భార్యతో సహా రమ్మని కబురు పెట్టింది. బారా షహీద్ దర్గా పక్కన ఒకటే జనం. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కొంగు కింది రొట్టె తీసి చాపింది. భాయ్ చెయ్యి చాపలేదు!

"అమ్మా, స్లాబు ఇంకా వాన చూళ్ళేదు. ముసురు పట్టనీ. కారలేదంటే అప్పుడు తీసుకుంటా" అన్నాడు.

వాళ్ళావిడ మొహం చూశాను నేను. ఆ రొట్టె ఆమెకి ఎంత కావాలో... సరే. అమ్మ అట్టాగే నిలబడిపోయింది. చివరికి రొట్టె రెండుగా తుంచి సగం ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీది. మిగతాది మీ ఆయన మాట తేలినాక." రొట్టెని అట్టా తుంచి బాకీ పెట్టడం నేనెక్కడా చూళ్ళేదు.

దీపావళి దాటిందో లేదో మొంథా తుఫాను. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ, ఇక్కడ ఎడతెగని వాన. కరెంటు లేదు. రాత్రి పదింటికి తలుపు చప్పుడు. చూస్తే భాయ్! తలమీద యూరియా సంచి, చేతిలో టార్చి. పలకరింపు కూడా లేకుండా నేరుగా ముందుగదిలోకెళ్ళి స్లాబంతా వెతికాడు. ఎక్కడా చుక్క లేదు. నీ ఆకాశవాణి మూలలో చాలాసేపు నిలబడి విన్నాం. చప్పుడే లేదురా! నాకెందుకో గొంతు పట్టేసింది.

కానీ పాతగోడకీ కొత్త స్లాబుకీ అతుకు దగ్గర అరచెయ్యంత చెమ్మ. నేనైతే కనిపెట్టేవాణ్ణి కాదు. అమ్మ అప్పటికే కొవ్వొత్తి వెలుగులో రొట్టె కాల్చేసింది. ఆయన మళ్ళీ వద్దన్నాడు. ఎండ కాసినాక అతుకు చెక్కి పూడ్చి, ఇంకొక వాన పడ్డాకే అట.

కార్తీక పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులు. నిన్నటినుంచి కాస్త పొడి పట్టింది, ఇవాళ వస్తానన్నాడు. ఈసారి వానొచ్చినప్పుడు నువ్వూ ఇక్కడుంటే, గంగాళం పెట్టుకుని ఊరికే కూర్చుందాం, అది

ఉండు, భాయ్ వచ్చినట్టున్నాడు. కింద ఇసుక తట్ట దించుతున్నారు. తర్వాత రాస్తా.

నీ
మూలాపేటోడు