గబ్బిలం కథ చాలు, ఆల్బమ్స్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌లో పాడిన ఆజీ ఆజ్‌బోర్న్ 2025 జూలై 22న చనిపోయారు, 76 ఏళ్ళు. అప్పట్నుంచి తెలుగులో ఆయన గురించి నేను చదివినవి చాలావరకు ఒకేలా ఉన్నాయి. మొదటి లైన్ గబ్బిలం, రెండో లైన్ డ్రగ్స్, మూడో లైన్ టీవీ షో, అక్కడితో అయిపోయింది. గబ్బిలం సంగతి నిజమే, 1982 జనవరిలో అమెరికాలో అయోవాలోని డి మోయిన్ అనే ఊళ్ళో జరిగింది, ఎవరో స్టేజి మీదకి విసిరితే రబ్బరు బొమ్మ అనుకుని కొరికానని, తర్వాత రేబిస్ ఇంజెక్షన్లు వేయించుకోవాల్సొచ్చిందని ఆయనే చెప్పారు. కానీ అప్పటికే ఆ మనిషి పన్నెండేళ్ళుగా రికార్డులు చేస్తున్నారండి, ఆ రికార్డుల వల్లే ప్రపంచంలో హెవీ మెటల్ అనే సంగీతం ఒకటి నిలబడింది, వాటిల్లో ఒక్క ఆల్బమ్ పేరు కూడా లేకుండా నివాళి రాస్తే ఎలా? ఘంటసాల గారి గురించి రాస్తూ ఒక్క పాట పేరు కూడా చెప్పకపోతే మనం ఊరుకుంటామా?

అందుకే నాకు తెలిసింది నేను రాస్తున్నా. బ్లాక్ సబ్బాత్ 1970 నుంచి 1975 దాకా ఆరు ఆల్బమ్స్ చేసింది, మెటల్‌లో తర్వాత వచ్చిన ప్రతిదానికీ వేర్లు ఆ ఆరింటిలోనే ఉన్నాయి, ఆ ఆరింటిలో గొప్పది మాస్టర్ ఆఫ్ రియాలిటీ. ప్యారనాయిడ్ కాదు. ఈ మాట అంటే ఫ్రెండ్స్ చాలామంది గొడవకొస్తారు, రానివ్వండి.

ముందు మొదటి ఆల్బమ్ సంగతి చెప్తా. 1969 అక్టోబర్‌లో లండన్‌లో ఒక్క రోజులో రికార్డ్ చేశారు, మర్నాడు లేదు, మళ్ళీ పాడుకోవడం లేదు, స్టేజి మీద ఎలా వాయించేవాళ్ళో అలాగే వాయించి వెళ్ళిపోయారు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం రిలీజ్. అప్పటి విమర్శకులు చాలామంది తిట్టిపోశారు, జనం మాత్రం కొనేశారు, ఇంగ్లండ్ చార్టుల్లో 8వ స్థానం దాకా వెళ్ళింది. అందులో మొదటి పాట వాన చప్పుడుతో మొదలవుతుంది, చర్చి గంట, తర్వాత గిటార్ మీద మూడే మూడు స్వరాలు. ఆ మూడు స్వరాల మీదే ఇంత రభస, సాతాను సంగీతం అని, చర్చి నిషేధించిన స్వరం అని. అలా చర్చి నిషేధించినట్టు ఆధారాలేమీ లేవండి, తర్వాత అల్లుకున్న కథ అది. సంగీతం నేర్చుకున్న తెలుగు పాఠకులకి ఒక్క మాటలో చెప్తా, సా పట్టుకుని, పై సా అందుకుని, అక్కడ్నుంచి కిందికొచ్చి ప్రతిమధ్యమం మీద ఆగితే అదే ఆ రిఫ్, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస. సా నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరమే వాళ్ళకి దెయ్యం దూరం! మనకేమో ఆ ప్రతిమధ్యమం లేకపోతే కళ్యాణి రాగమే లేదు, నిధి చాల సుఖమా విన్న ఇంట్లో ఆ స్వరానికి ఎవరూ భయపడరు. తేడా ఎక్కడంటే మనవాళ్ళు ఆ మధ్యమం నుంచి పంచమానికో గాంధారానికో హాయిగా తీసుకెళ్తారు, సబ్బాత్‌లో గిటార్ వాయించే టోనీ అయోమీ తీసుకెళ్ళడు, అక్కడే ఆపి, ఆ స్వరాన్నే ఊపి ఊపి మనల్ని ఊపిరాడకుండా చేస్తాడు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఒకసారి ఆ చెవితో ఈ పాట వినాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

ఇప్పుడు అయోమీ చేతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సౌండ్ అంతా ఆ చేతిలోంచే వచ్చింది. ఈ బ్యాండ్‌లో నలుగురిదీ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే ఏరియా, ఫ్యాక్టరీల మధ్య కూలీనాలీ చేసుకునే కుటుంబాలు. ఆజీ కబేళాలో పని చేశారు, కార్ల హారన్లు ట్యూన్ చేసే పని కూడా చేశారు. అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు, 17 ఏళ్ళప్పుడు ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున మెషీన్‌లో చెయ్యి పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతివాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇంక గిటార్ అయిపోయింది అనుకుంటుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు, రెండు వేళ్ళు పని చెయ్యకపోయినా గిటార్‌లో మహానుభావుడు అయిన మనిషి ఆయన. దాంతో అయోమీ గిన్నెలు తోమే లిక్విడ్ సీసా ప్లాస్టిక్ కరిగించి, వేలికి తొడుగులు చేసుకుని, పైన పాత తోలు ముక్క అంటించుకుని వాయించడం మొదలుపెట్టాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, సన్న తీగల సెట్లు అప్పట్లో దొరికేవి కాదు, బ్యాంజో తీగలు వేసుకున్నాడు. అది కూడా సరిపోక కొన్నాళ్ళకి గిటార్ శృతే మూడు స్వరస్థానాలు కిందికి దించేశాడు, తీగ వదులైతే వేలికి తేలిక కదా. ఆ దించిన శృతి మొదట గట్టిగా వినపడేది 1971లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీలో, చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్, ఇంటూ ది వాయిడ్ లాంటి పాటల్లో. ఇవాళ డూమ్ మెటల్, స్టోనర్ రాక్ అని (నెమ్మదిగా, బరువుగా సాగే రకాలు) వందల బ్యాండ్లు ఇలా దించిన శృతిలో వాయిస్తున్నాయంటే వాళ్ళందరికీ దారి వేసింది నొప్పి తట్టుకోడానికి ఒక కార్మికుడు చేసుకున్న ఏర్పాటు. నాకు ఇది చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంక ఎందుకు మాస్టర్ ఆఫ్ రియాలిటీయే అంటే, దాదాపు 34 నిమిషాల ఆల్బమ్ అది, ఒక్క సెకను కూడా వేస్ట్ లేదు. అయోమీ దగ్గుతో మొదలవుతుంది, స్వీట్ లీఫ్, గంజాయి మీద పాట అది, దాని సాహిత్యాన్ని నేను వెనకేసుకు రావట్లేదు, ఆ రిఫ్ బరువు గురించే మాట్లాడుతున్నా. దాని వెంటనే వచ్చేది ఆఫ్టర్ ఫరెవర్, దేవుణ్ణి నమ్మనివాళ్ళని నిలదీసే పాట, క్రీస్తు పేరు పెట్టుకుని మరీ. సాతాను బ్యాండ్ అని రాసేవాళ్ళు ఆ ఒక్క పాట సాహిత్యం చదివుంటే ఆ మాట రాయలేరు. మధ్యలో ఆర్కిడ్ అని చిన్న గిటార్ ముక్క, ఎంత మెత్తగా ఉంటుందో. సాలిట్యూడ్ అనే పాటలో అయోమీ ఫ్లూట్ వాయించాడు, ఆజీ గొంతు విని అసలు ఆయనేనా అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా పాడారు. అంత మెత్తదనం అయ్యాక ఇంటూ ది వాయిడ్ మీద పడుతుంది చూడండి, ఆ బరువు అప్పుడు తెలుస్తుంది. అందుకే ఆల్బమ్ మొత్తం వరసలో వినాలి అంటా, ప్లేలిస్ట్‌లో ఒక్క పాట తీసి పెడితే ఇది దొరకదు.

ప్యారనాయిడ్ తక్కువది అని కాదు నా ఉద్దేశం. 1970లోనే వచ్చింది, ఇంగ్లండ్‌లో నంబర్ వన్, టైటిల్ పాట ఆల్బమ్‌లో ఖాళీ నింపడానికి నిమిషాల్లో కట్టింది, అదే వాళ్ళ పెద్ద హిట్ అయి 4వ స్థానానికి వెళ్ళింది. అసలు ఆల్బమ్‌కి అనుకున్న పేరు వార్ పిగ్స్, అందులోనే ఒక పాట పేరది. పెద్దోళ్ళు ఆఫీసుల్లో కూర్చుని యుద్ధం మొదలుపెడతారు, చచ్చేది పేదవాళ్ళ పిల్లలు, ఇదీ ఆ పాట, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో. హ్యాండ్ ఆఫ్ డూమ్ ఆ యుద్ధం నుంచి హెరాయిన్ అలవాటు పడి వచ్చిన సైనికుల గురించి, ఎలక్ట్రిక్ ఫ్యూనరల్ అణుయుద్ధం గురించి. ఇవి ఎక్కువగా రాసింది బేస్ వాయించే గీజర్ బట్లర్, ఆయన పేరు మన దగ్గర ఎవరూ ఎత్తరు, ఇది నాకు చాలా బాధ. పదాలూ ఆయనవే, కింద ఆ బేసూ ఆయనదే, అయోమీ రిఫ్‌కి అంటుకుని నడుస్తూనే మధ్యమధ్యలో పక్కకి వెళ్ళి పాడుకుని వచ్చేస్తాడు. బిల్ వార్డ్ డ్రమ్స్ కూడా అంతే, చిన్నప్పుడు విన్న జాజ్ ఊపు చేతుల్లో ఉండిపోయింది, అందుకే సబ్బాత్ ఎంత బరువుగా ఉన్నా ఈడ్చినట్టు ఉండదు. సాహిత్యం వరకు ప్యారనాయిడ్‌కే నా ఓటు. సౌండ్‌లో మాత్రం ఇంకా సగం బ్లూస్ రాక్‌లోనే (అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ పాటల మీద కట్టిన రాక్) ఉంది, మాస్టర్ ఆఫ్ రియాలిటీకి వచ్చేసరికి బ్లూస్ పొర ఊడిపోయి లోపల ఇనుము బయటపడింది.

వాల్యూమ్ 4, సబ్బాత్ బ్లడీ సబ్బాత్, సబొటాజ్ మూడూ మంచివే, సబొటాజ్‌లో సింప్టమ్ ఆఫ్ ది యూనివర్స్ విన్నాక థ్రాష్ మెటల్ (మెటల్‌లో బాగా వేగంగా వాయించే రకం) 80ల్లో పుట్టింది అని నాతో వాదించకండి, అది 1975 పాట. ఆ తర్వాత రెండు ఆల్బమ్స్ నాకు ఎక్కలేదు, వదిలేద్దాం.

1979లో ఆజీని తీసేసి, రానీ జేమ్స్ డియోని తెచ్చుకుని 1980లో తెచ్చిన హెవెన్ అండ్ హెల్ మీద కూడా ఒక మాట. పాడటంలో డియో ఆజీ కన్నా పైనే ఉంటాడు, ఒప్పుకుంటా, మార్టిన్ బర్చ్ చేసిన రికార్డింగ్ కూడా అద్భుతం, నియాన్ నైట్స్ వింటే మంచం మీద కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. కానీ పాటల్లో ఆస్టన్ లేదు. యుద్ధానికి వెళ్ళిన పిల్లాడు లేడు, ఫ్యాక్టరీ పొగ లేదు, వాటి చోట్లో ఇంద్రధనుస్సులూ కోటలూ వచ్చాయి. గొప్ప ఆల్బమే, కానీ వేరే బ్యాండ్ ఆల్బమ్ లాగా వినాలి దాన్ని. అదే ఏడాది ఆజీ సొంతంగా బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్ తెచ్చారు, గిటార్ ర్యాండీ రోడ్స్. క్లాసికల్ గిటార్ మీద ప్రాణం పెట్టుకున్న ఆ కుర్రాడు మరుసటేడు డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్ కూడా చేసి 1982 మార్చిలో విమాన ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్ళు. అదే గబ్బిలం ఏడాది. మన పేపర్లకి గబ్బిలం గుర్తుంది, ర్యాండీ రోడ్స్ గుర్తు లేడు, నా కోపం అక్కడే.

కొత్తగా వినేవాళ్ళకి అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా ముందు తెలుసు, సబ్బాత్ తర్వాత. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించారు కదా, ఆ మెటాలికా వాళ్ళే 2006లో సబ్బాత్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించి వాళ్ళ పాటలు వాయించారు. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విలా పార్క్‌లో ఆఖరి కచేరీకి కూడా వచ్చారు. ఆజీ పార్కిన్‌సన్స్ జబ్బు వల్ల నిలబడలేక సింహాసనంలో కూర్చుని పాడారు, పక్కన అయోమీ, గీజర్, బిల్ వార్డ్, మొదటి నలుగురూ. పదిహేడు రోజుల తర్వాత ఆయన లేరు. మెటాలికా వాళ్ళ మాస్టర్ ఆఫ్ పపెట్స్ నాకు ప్రాణం, 1986లో అంతకన్నా గట్టి ఆల్బమ్ లేదంటా, కానీ అది కూడా సింప్టమ్ ఆఫ్ ది యూనివర్స్ వేసిన దారిలోనే నడిచింది.

చివరగా, వినాలనుకునేవాళ్ళకి ఒక జాగ్రత్త. బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్, డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్ సీడీలు సెకండ్ హ్యాండ్‌లో కొంటే 2002 ఎడిషన్ కొనకండి. అందులో మొదట వాయించిన బాబ్ డెయిస్లీ బేస్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్ తీసేసి వేరేవాళ్ళతో మళ్ళీ వాయించి పెట్టారు, వినగానే ఏదో తేడా తెలుస్తుంది. 2011 ఎడిషన్‌లో అసలు వాయిద్యాలు తిరిగొచ్చాయి, అదైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు. వాల్యూమ్ 4 గొప్పదని వాదించేవాళ్ళు మీ పేపర్‌కి రాయండి, సూపర్‌నాట్ ఒక్కటి పక్కన పెట్టి మిగతా పాటల గురించి చెప్పండి, జవాబు నేను రాస్తా.

ఇట్లు
ఒక పాఠకుడు, విజయవాడ